జపనీస్‌లో మాట్లాడటానికి ఆన్‌లైన్‌లో తోడు ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: తొలిమాట

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా సొంతంగా జపనీస్ నేర్చుకుంటున్నాను. నిరుడు డిసెంబరులో జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయి ఉత్తీర్ణత సాధించి, ఇప్పుడు దాని పై స్థాయి అయిన ఎన్3 కోసం చదువుతున్నాను. చదవడంలో నాకు పెద్ద ఇబ్బంది లేదు. అవతలివారు నెమ్మదిగా మాట్లాడితే అర్థం చేసుకోగలను. కానీ నేను మాట్లాడవలసి వచ్చేసరికి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలననుకున్న మాటలు కూడా గొంతు దాటి రావడం లేదు. జేఎల్‌పీటీలో ఏ స్థాయిలోనూ మాట్లాడే భాగం లేదు కాబట్టి, ఇన్నాళ్లూ ఈ లోటు నాకు కనిపించలేదు.

మూడు నెలల క్రితం, ఒకరి భాష ఒకరు నేర్పుకునే ఒక భాషా మార్పిడి యాప్‌లో చేరాను. ఇప్పటికి దాదాపు నలభై మందితో సందేశాలు నడిచాయి. పేరు, వృత్తి, అభిరుచులు, జపనీస్ ఎందుకు నేర్చుకుంటున్నారు అనే నాలుగు ప్రశ్నలు దాటి ఏ సంభాషణా ముందుకు సాగలేదు. రెండు మూడు రోజులకు ఒక జవాబు వస్తుంది, ఆ తరువాత అదీ ఆగిపోతుంది. కాల్‌లో మాట్లాడటానికి ఒప్పుకున్నవారు ముగ్గురే. వారిలో ఒకరితో గంటసేపు మాట్లాడాను గానీ, అందులో యాభై నిమిషాలు ఇంగ్లీషులోనే గడిచాయి. నేను జపనీస్‌లో వాక్యం మొదలుపెట్టి తడబడగానే ఆయన నన్ను ఆదుకోవడానికన్నట్టు ఇంగ్లీషులోకి మారేవారు. ఆయన తప్పేమీ లేదు, ఆయన కూడా నేర్చుకోవడానికే వచ్చారు. చివరలో నా జపనీస్ చాలా బాగుందని మెచ్చుకున్నారు. ఆ గంటలో నేను జపనీస్‌లో పది వాక్యాలైనా పూర్తి చేయలేదు.

మాట్లాడే తోడును వెతకడంలో నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో, దొరికినవారు నాలుగు రోజులకే దూరం కాకుండా ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? ఎన్3 పూర్తయ్యేదాకా మాట్లాడటం వాయిదా వేయడం మంచిదా అన్న సందేహం కూడా ఉంది. యాప్‌ల జాబితా నాకు అక్కరలేదు, జాబితాలు చాలా చూశాను. ఒకే మనిషితో నెలల తరబడి మాట్లాడినవారి అనుభవం వినాలని ఉంది.

జవాబు: వారంవారం

తొలిమాట గారూ, మీ మాటల్లో నన్ను ఆపినది నలభై అనే సంఖ్య. నలభై మందికి మీరు నలభై సార్లు మిమ్మల్ని పరిచయం చేసుకున్నారు. జపనీస్‌లో దీన్నే జికొషోకై అంటారు. ఇప్పుడు మీకు నిద్రలోనైనా వచ్చేది అదొక్కటే అయి ఉంటుంది. కొత్త మనిషితో మొదలుపెట్టిన ప్రతిసారీ మాటలు మళ్లీ ఒకటో మెట్టు మీదికే వస్తాయి. రెండో వారం, మూడో వారం కలిసినప్పుడే "పోయినసారి చెప్పిన ఆ పని ఏమైంది?" అని అడగగలుగుతాం. భూతకాలం, కారణం, ఊహ, నిరాశ, ఇవన్నీ ఆ ప్రశ్నకు చెప్పే జవాబులోనే అవసరమవుతాయి. అందుకే నా సలహా ఒక్కటే. పది మందితో ఒకసారి మాట్లాడటం మాని, ఒకరితో పదిసార్లు మాట్లాడే ఏర్పాటు చూసుకోండి.

నేను ఐదేళ్లుగా మాట్లాడే సాధన చేస్తున్నాను, అందులో ఒకరితో నాలుగేళ్లుగా, మరొకరితో ఏడాదిన్నరగా మాట్లాడుతున్నాను. వారిద్దరినీ వెతకడానికి హలోటాక్, టాండెమ్ రెండూ వాడాను. యాప్ ఏదన్నది పెద్ద విషయం కాదు, మొదటి సందేశం ఎలా రాశామన్నదే ముఖ్యం. "నమస్కారం, మీతో స్నేహం చేయాలని ఉంది" అని రాసేవారు రోజుకు ఎందరో ఉంటారు. ఆ సందేశం అందుకున్నవారికి తాము ఏం చేయాలో తెలియదు. నేను అవతలివారి పరిచయం పూర్తిగా చదివి, అందులోని ఒక విషయం మీద ఒక ప్రశ్న వేసి, ఆ వెంటనే నా ప్రతిపాదన స్పష్టంగా రాసేవాణ్ని: వారానికి ఒకరోజు, ఒకే వేళకు, ముప్పై నిమిషాలు జపనీస్, ముప్పై నిమిషాలు ఇంగ్లీషు, కెమెరా అవసరం లేదు, నాలుగు వారాలు చేసి చూసి కొనసాగించాలో లేదో అప్పుడు నిర్ణయించుకుందాం. నాలుగు వారాలు అని గడువు పెట్టడం వల్ల ఒప్పుకోవడం వారికి సులువవుతుంది, ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా ఆపేయడమూ సులువవుతుంది. ఇలా రాసిన పదిహేను సందేశాలకు నలుగురు జవాబిచ్చారు, ఆ నలుగురిలో ఇద్దరు నిలిచారు.

వేళను ఎప్పుడూ జపాన్ సమయంలోనే రాయండి. అది అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి 9 గంటలు ముందుంటుంది. అక్కడ వేసవికి గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి, మీరు ఎక్కడున్నా లెక్క మీ వైపునే సరిచూసుకుంటే చాలు. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా వచ్చే సెలవులు, ఆగస్టు నడిమి ఒబొన్ పండుగ రోజులు, సంవత్సరాంతం, ఈ మూడు సమయాల్లో జవాబులు తగ్గుతాయి. కొత్త విద్యా సంవత్సరం, ఉద్యోగంలో కొత్త బదిలీలు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కనుక ఆ నెలలో కొత్తవారికోసం వెతకడం నిరాశే మిగులుస్తుంది. ఇవి తెలియక నేను మొదట్లో ఒకరి మౌనాన్ని తిరస్కారంగా తీసుకుని చాలా బాధపడ్డాను.

మీ యాభై నిమిషాల ఇంగ్లీషు సమస్యకు మందు టైమర్. మొదటి అరగంట జపనీస్, టైమర్ మోగేదాకా ఇద్దరూ అందులోనే ఉండాలి, మాట తోచకపోతే మౌనంగా ఉన్నా పరవాలేదు అని ముందే మాట్లాడుకోండి. నేర్చుకుంటున్నవారి భాష తడబడినప్పుడు రెండోవారు సాయం చేయాలనుకోవడం సహజం. ఆ సాయం తీరు మార్చమని మనమే అడగాలి. "నిహొంగొ దె నన్ తొ ఈమసు క?", అంటే "జపనీస్‌లో ఏమంటారు?" అనే ఒక్క ప్రశ్న నోటికి పట్టిస్తే, ఇంగ్లీషులోకి మారే అవసరం సగానికి తగ్గుతుంది. "మో ఇచిదొ ఒనెగైషిమసు", అంటే "ఇంకొకసారి చెప్పండి" అన్నది రెండోది. ఈ రెండింటినీ ఆలోచన లేకుండా పలికేలా ముందే సాధన చేయండి.

ఎన్3 దాకా ఆగడం గురించి మాత్రం నాది గట్టి అభిప్రాయమే: ఆగకండి. చదివి గుర్తుపట్టే మాటకూ, అవసరమైన క్షణంలో నోటికి వచ్చే మాటకూ మధ్య దూరం చదివినకొద్దీ తగ్గదు. నేను ఎన్2 పూర్తయ్యాక మాట్లాడటం మొదలుపెట్టాను. పుస్తకంలో చూసినప్పుడు నవ్వుకునేంత తేలికైన క్రియారూపాల దగ్గర కూడా ఆగిపోయేవాణ్ని. మీకున్న ఎన్4 వ్యాకరణంతో రోజువారీ విషయాల్లో చాలా భాగం చెప్పవచ్చు.

జవాబు: ఊకొట్టు

వారంవారం గారు చెప్పినదంతా నిజమే. దానికి నేను తెలుగువారి వైపు నుంచి ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను. మనలో చాలామంది జపనీస్‌ను ఇంగ్లీషు పుస్తకాల ద్వారా నేర్చుకుంటాం, అందుకే మాట్లాడేటప్పుడు కూడా ముందు ఇంగ్లీషు వాక్యం అల్లుకుని దాన్ని తలకిందులు చేయబోతాం. తడబాటు చాలావరకు అక్కడే పుడుతుంది. "నిన్న నేను కొన్న పుస్తకం" అన్న మాటను జపనీస్‌లో "కినో వతషి గ కత్త హొన్" అంటారు. కినో అంటే నిన్న, వతషి గ అంటే నేను, కత్త అంటే కొన్న, హొన్ అంటే పుస్తకం, ఒక్క మాట కూడా చోటు మారలేదు. "తిని చూస్తాను" అన్నది "తబెతె మిరు". అక్కడ కూడా తినడం, చూడడం అనే రెండు క్రియలే ఇదే వరుసలో, ఇదే అర్థంలో వస్తాయి. "వస్తానని అన్నారు" అన్నప్పటి మన "అని" చేసే పనిని "కురు తొ ఈమషిత" అన్నప్పుడు "తొ" చేస్తుంది. వాక్యం చివర "నె" అంటే మన "కదా". కాబట్టి మాట్లాడే ముందు అరక్షణం తెలుగులో అనుకోండి. మన క్రియకు నేను, నువ్వు, ఆమె అని మారే తోక జపనీస్‌లో ఉండదు కాబట్టి పని ఇంకా తేలికవుతుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం చెప్పే క్రియల దగ్గర మాత్రం తెలుగు సాయపడదు. అవి విడిగా నేర్చుకోవలసిందే.

ఉచ్చారణలోనూ మనకు గొప్ప సౌకర్యం ఉంది. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు అచ్చులకూ హ్రస్వం, దీర్ఘం రెండూ మన లిపిలో ఉన్నాయి, జపనీస్‌కు కావలసినవీ అవే. "ఒబసన్" అంటే పిన్నో అత్తో, "ఒబాసన్" అంటే అమ్మమ్మో నాయనమ్మో. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ల. "పడు", "పాడు"లను, "పుట", "పుట్ట"లను విడిగా వినే చెవికి ఇది కొత్త కాదు. చంద్రుడికి జపనీస్ మాటలోని మొదటి అక్షరం చాలామంది విదేశీ విద్యార్థులను ఇబ్బంది పెడుతుంది. మనం "చుక్క" అన్నప్పుడు పలికే దంత్య చకారమే అది. కొత్త మాటలను రోమన్ లిపిలో కాకుండా తెలుగులోనో, జపనీస్ అక్షరమాల అయిన కనలోనో రాసుకోండి. మాటలోని ఎత్తుపల్లాలు, అంటే ఏ అక్షరం మీద స్వరం దిగుతుందన్నది, తెలుగుకు లేని విషయం. దానికి టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఓజాడ్ అనే ఉచ్చారణ నిఘంటువు ఉచితంగా ఉంది. కానీ మీరు ఇప్పుడున్న దశలో దాని గురించి ఎక్కువ ఆందోళన పడవద్దు.

నేను అసలు చెప్పాలనుకున్నది వినడం గురించి. నా మొదటి కాల్‌లో ఎదుటివారు తన పని గురించి చెబుతుంటే నేను గౌరవంగా, పూర్తి శ్రద్ధతో, నిశ్శబ్దంగా విన్నాను. నిమిషం కాకముందే ఆమె ఆగి "మొషి మొషి, కికొఎమసు క?" అని అడిగారు, వినిపిస్తోందా అని. వినిపిస్తోందన్నాను. ఆమె మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి నేను మైక్ పాడైందేమోనని తీగ తీసి పెట్టాను. మైక్ బాగానే ఉంది. నేను ఊఁ కొట్టలేదు, అంతే.

దీన్ని జపనీస్‌లో ఐజుచి అంటారు. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మరులు ఎదురెదురుగా నిలబడి, ఒకరి దెబ్బ తరువాత ఒకరు సుత్తి వేయడం నుంచి ఆ మాట వచ్చింది. అందుకే ఐజుచిని వారు "కొడతారు", మనం ఊఁ "కొట్టినట్టే". వాక్యం పూర్తయ్యేదాకా ఆగకుండా, అవతలివారు చిన్నగా ఊపిరి తీసుకున్న ప్రతి చోటా "హై", "ఏ", "సో దెసు క", "హే", "నరుహొదొ" అని ఏదో ఒకటి పడుతూ ఉండాలి. కథ చెప్పే పెద్దలు ఊఁ కొట్టకపోతే ఆపేస్తారు కదా, అదే సంగతి. ఇక్కడ "హై" అంటే ఒప్పుకున్నానని కాదు, వింటున్నానని. మీ నలభై మందిలో కొందరి సంభాషణ ఎండిపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు, ఎందుకంటే సందేశాల్లో కూడా ప్రశ్న తరువాత ప్రశ్న వేయడం కన్నా, వారు చెప్పినదానికి ముందు ఒక స్పందన రాసి తరువాత అడిగితే మాట సాగుతుంది. అలాగే మాట వెతుక్కునే సమయంలో మౌనంగా ఉండకుండా "ఎత్తొ" అనో "అనో" అనో అంటే, నా వంతు ఇంకా అయిపోలేదని వారికి తెలుస్తుంది, ఇంగ్లీషులోకి మారరు.

జవాబు: రెండోమెట్టు

పై ఇద్దరితో నేను ఒకచోట విభేదిస్తాను. ఒక్క వాక్యం కూడా పూర్తి చేయలేని దశలో భాషా మార్పిడికి వెళ్లడం ఇద్దరికీ కష్టం. ఎదుటివారు టీచరు కారు, వారికి మన తప్పు వినిపిస్తుంది గానీ అది ఎందుకు తప్పో చెప్పడం రాకపోవచ్చు. నేను ముందు ఐటాకీ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో డబ్బు చెల్లించి పన్నెండు పాఠాలు తీసుకున్నాను. అక్కడ శిక్షణ పొందిన టీచర్లు ఒక వర్గంగా, సంభాషణ సాధన చేయించేవారు మరొక వర్గంగా ఉంటారు. సాధారణంగా రెండో వర్గం ఫీజు తక్కువ. డబ్బు తీసుకున్నవారు మనం నేర్చుకుంటున్న భాషలోనే గంటంతా ఉంటారు, మనం వారి ఇంగ్లీషు గురించి ఆలోచించనక్కరలేదు, ఒకే ప్రశ్న ఐదుసార్లు అడిగినా అపరాధ భావం కలగదు. నాకు ధైర్యం వచ్చింది అక్కడే. తరువాతే మార్పిడికి వెళ్లాను.

ఒకే కథను పలువురికి చెప్పడం వృథా అని కూడా నేననుకోను. పరిచయం కాకుండా, నాకు జరిగిన ఒక చిన్న సంఘటనను ఒకరికి నాలుగు నిమిషాల్లో, మరొకరికి మూడు నిమిషాల్లో, ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ని. మూడోసారికి మాటల మధ్య ఖాళీలు స్పష్టంగా తగ్గేవి. దీనికి డిస్కార్డ్ అనే గుంపు సంభాషణల యాప్‌లో ఇంగ్లీషు, జపనీస్ నేర్చుకునేవారు కలిసే వాయిస్ గదులు, బొమ్మ రూపాలతో కలిసి మాట్లాడుకునే వీఆర్‌చాట్ అనే త్రీడీ వేదికలో ఇలాంటివారి కోసమే ఉన్న లోకం బాగా పనికి వచ్చాయి. వీఆర్‌చాట్‌కు కళ్లకు పెట్టుకునే పరికరం తప్పనిసరి కాదు, మామూలు కంప్యూటర్‌తోనూ వెళ్లవచ్చు. గుంపులో కాసేపు వింటూ కూర్చోవచ్చు, ఎవరూ మన ముఖం చూడరు. మనుషులు లేని వేళ ఏఐతో మాట్లాడి గొంతు సవరించుకోవడం కూడా మంచిదే, కానీ అది ఎంతసేపైనా ఓపికగా ఎదురుచూస్తుంది కాబట్టి ఎదుటి మనిషి ముందు కలిగే తొందరను అలవాటు చేయదు.

మాట్లాడటానికి విషయాలే తోచకపోతే, జపాన్ ఫౌండేషన్ వారి ఇరొదొరి పాఠ్యపుస్తకం ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతుంది. దానిలో ప్రతి పాఠం నిజ జీవితంలో చేయవలసిన ఏదో ఒక పని చుట్టూ ఉంటుంది. ఒక పాఠం ఇద్దరూ చదివి వచ్చి కూర్చుంటే అరగంట తెలియకుండా గడుస్తుంది.

జవాబు: తలుపుగడియ

ఇక్కడ ఎవరూ రాయని ఒక విషయం రాస్తున్నాను, ముఖ్యంగా స్త్రీలు చదవాలని. భాష కోసం రానివారు ఈ యాప్‌లలో గణనీయంగానే ఉన్నారు. మొదటి రోజే ఫోటో పంపమనడం, రెండో రోజే యాప్ వదిలి వేరేచోటికి రమ్మనడం, పెట్టుబడుల మాట ఎత్తడం, వీటిలో ఏది కనిపించినా నేను వివరణ ఇవ్వకుండా బ్లాక్ చేస్తాను. కొన్ని యాప్‌లలో స్త్రీలకు స్త్రీలు మాత్రమే కనిపించేలా అమర్చుకోవచ్చు. చేరిన రోజే ఆ అమరిక చూడండి. కనీసం నాలుగైదు సార్లు మాట్లాడేదాకా యాప్‌లోని కాల్ సౌకర్యమే వాడండి. తరువాత జపాన్‌లో ఎక్కువగా వాడే లైన్ అనే సందేశాల యాప్‌లోకి మారదామన్నా, ఫోన్ నంబరు ఇవ్వకుండా క్యూఆర్ కోడ్‌తో చేర్చుకునే వీలుంది.

సంభాషణ రికార్డు చేసుకోవడం చాలా మేలు చేస్తుంది, కానీ అడగకుండా ఎప్పుడూ చేయకండి. "రొకుఒన్ షితె మొ ఈ దెసు క?" అంటే "రికార్డు చేసుకోవచ్చా?" అని. వారు "చొత్తొ..." అని సాగదీసి ఆగిపోతే అది వద్దనడమే, మళ్లీ అడగకూడదు. "మత కొందొ", అంటే "ఇంకోసారి చూద్దాం" అన్నది కూడా చాలాసార్లు మర్యాదగా కాదనడమే. "సొరొసొరొ" అనే మాట వినిపిస్తే వేళైందని అర్థం, మనం అక్కడ కొత్త విషయం ఎత్తకూడదు. నిలిచే స్నేహాలన్నీ ఈ చిన్న గౌరవాల మీదే నిలిచాయని నా అనుభవం.

సంబోధన గురించి కూడా. "అనత", అంటే మీరు అనే మాట పుస్తకాల్లో ఉంటుంది గానీ మనిషితో వాడితే కాస్త ఎడంగా ఉంటుంది. పేరు చివర "సన్" చేర్చి పిలవండి. మన "గారు" పలికినంత సహజంగా అది వచ్చేస్తుంది. దెసు, మసు అనే మర్యాద రూపాల్లోనే మొదలుపెట్టండి. చనువుగా మాట్లాడదామని వారే అన్నప్పుడు, "తమెగుచి దె ఈ యొ" అన్నప్పుడు, దిగండి.

మెచ్చుకోలు విషయంలో మీరు నిరాశ పడవద్దు. జపనీస్ బాగుందని చెప్పడం అక్కడ ఒక పలకరింపు. తప్పులు దిద్దండి అని అడిగితే చాలామంది మొహమాటపడతారు. దానికి బదులు ఒక వాక్యం చెప్పి "షిజెన్ దెసు క?", అంటే సహజంగా ఉందా అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది. కాల్ తరువాత మిగిలిన సందేహాలకు, ఆ భాష మాతృభాషగా ఉన్నవారిని అడిగే హైనేటివ్ అనే సైటు సరిపోతుంది, అక్కడ ఒకే ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు జవాబిస్తారు.

తిరిగి: తొలిమాట

అందరికీ కృతజ్ఞతలు. ఆరు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూడకుండా జవాబు రాయడం బాగుండదనిపించింది. పాత సంభాషణలన్నీ వదిలేసి, వారంవారం గారు చెప్పిన పద్ధతిలో పన్నెండు మందికి రాశాను. ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకరు రెండో వారం రాలేదు, మరొకరు వారి పని వల్ల ఆగిపోయారు, ఒకరు నిలిచారు. ఆదివారం జపాన్ సమయం రాత్రి తొమ్మిది గంటలకు మాట్లాడుకుంటున్నాం. ఇప్పటికి ఐదుసార్లు అయింది. రెండోమెట్టు గారు చెప్పినట్టు మధ్యలో నాలుగు పాఠాలకు డబ్బు కూడా చెల్లించాను. దానికి చింతలేదు.

మూడో ఆదివారం ఒక సంగతి జరిగింది. దారిలో నా సైకిల్ గొలుసు ఊడిపోయి ఆలస్యమైందని చెప్పాలనుకున్నాను. సైకిల్ తెలుసు, గొలుసుకు "చేన్" అన్నాను, "ఊడిపోయింది" దగ్గర ఆగిపోయాను. "ఎత్తొ" అంటూ, విరగలేదు, తెగలేదు, కానీ ఉండవలసిన చోట లేదు అని చుట్టుతిప్పి చెప్పాను. ఆయన ఇంగ్లీషులోకి మారలేదు, ఆగి, నవ్వి, "హజురెత?" అన్నారు. ఆ మాటను వెంటనే మూడు వాక్యాల్లో వాడించారు: చొక్కా గుండీ ఊడినా అదే, వాన పడుతుందన్న అంచనా తప్పినా అదే. గుండీ దాకా తెలుగులోనూ "ఊడిపోవడమే" కాబట్టి తేలికగా పట్టుకున్నాను, అంచనా "ఊడిపోవడం" మాత్రం కొత్తగా ఉంది. ఎన్నోసార్లు పుస్తకంలో దాటుకుంటూ వెళ్లిన మాటే అయి ఉంటుంది, ఇక మరిచిపోను.

ఇప్పుడొక కొత్త సందేహం. ఆయన కొన్నిసార్లు "హొంతో", అంటే "నిజంగా" అనవలసిన చోట "హొన్మ" అంటున్నారు, నేనూ తెలియకుండా అదే అనేస్తున్నాను. ఒకే మనిషితో మాట్లాడటం వల్ల వారి యాస, వారి తీరే నాకు అంటుకుంటే ముందు ముందు ఇబ్బంది అవుతుందా?

జవాబు: వారంవారం

అది కన్సాయ్ ప్రాంతపు మాట, ఒసాకా, క్యోతో వైపు వారి నోట తరచుగా వస్తుంది. తప్పు కాదు, కానీ ఉద్యోగపు ఇంటర్వ్యూలాంటి చోట కొత్తగా నేర్చుకున్నవారి నోట వింతగా వినిపించవచ్చు. వచ్చే ఆదివారం ఆయన్నే అడగండి, "ఇది మీ ప్రాంతపు మాటా, అందరూ అంటారా?" అని. తన ఊరి భాష గురించి అడిగితే మాట్లాడని మనిషిని నేను చూడలేదు, ఆ అరగంటకు మీకు వేరే విషయం వెతకనక్కరలేదు. యాసతో పాటు వయసు, స్త్రీపురుష భేదం కూడా అక్కడి మాటతీరును మారుస్తాయి కనుక, మూడు నెలలు నిలకడగా సాగాక వేరే ప్రాంతం, వేరే వయసు గల రెండో మనిషిని చేర్చుకోండి. ఆయన్ను వదలకండి. "హజురెత" అని మాట అందించి, మళ్లీ జపనీస్‌లోనే కొనసాగించిన మనిషి అంత తేలికగా దొరకరు.